వేళ యెంత?

చేతిలో గడియారము లేనివాడు దారిన పోవువానిని “అయ్యా, వేళ యెంత?” అని అడుగును. తెలిసినవాడు చెప్పిపోవును. ఇది లోకమర్యాద. చెప్పినవానికి నష్టము లేదు. అడిగినవానికి పని జరుగును. కాని ఊరివారందరును ఒక్క మనుష్యునే చుట్టుముట్టి, క్షణమున కొకమారు “వేళ యెంత? వేళ యెంత?” అని అడుగసాగినచో వాని గతి యేమగును? వాడు తన పని చేసికొనజాలడు. నిజముగా అవసరము కలవారికిని జవాబు చెప్పజాలడు. మనుష్యులు సాధారణముగా ఇట్లు చేయరు. వారికి మొగమోటము కలదు. యంత్రములకు అది లేదు. వానికి మర్యాద నేర్పవలసినవారు వానిని తయారుచేయువారే. అట్లు నేర్పనందున 2003వ సంవత్సరమున అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయమునకు గొప్ప చిక్కు వచ్చెను. ఆ వృత్తాంతమును తెలిసికొనుటకు ముందు, యంత్రములు ఒకదానిని మరియొకటి వేళ యేల అడుగవలెనో తెలిసికొందము.

నేడు గడియారములు గోడమీదను, చేతిమీదను మాత్రమే లేవు. కంప్యూటరులో ఒకటి, చేతిఫోనులో ఒకటి, బ్యాంకు యంత్రములో ఒకటి, ఇంటింటికి అంతర్జాలమును అందించు రౌటరు అను చిన్నపెట్టెలో ఒకటి దాగియున్నవి. వీనిలో పెక్కింటికి ఆధారము ఒక చిన్న క్వార్ట్జు స్ఫటికము. విద్యుత్తు సోకినపుడు అది క్రమముగా కంపించును. చేతిగడియారములలో వాడు స్ఫటికము సామాన్యముగా సెకనునకు 32,768 మారులు కంపించును. ఆ కంపనములను లెక్కించుచు యంత్రము సెకనులను గుర్తించును. అయితే వేడికిని చలికిని కంపనము కొంచెము మారును. స్ఫటికము పాతబడిన కొలదియు మారును. పది లక్షల కంపనములలో ఇరువది మాత్రమే తేడా వచ్చినను, దినమునకు సుమారు ఒకటిముప్పాతిక సెకను తప్పును. నెల తిరుగునప్పటికి అది ఇంచుమించు ఒక నిమిషమగును.

ఇంటి గడియారము ఒక నిమిషము తప్పినచో మనకు పెద్ద చిక్కు లేదు. యంత్రములు ఒకదానితో నొకటి వ్యవహరించునపుడు మాత్రము అట్లు కాదు. బ్యాంకు ఖాతాలో సొమ్ము ముందు జమయైనదా, ముందు ఖర్చయినదా అనునది వేళను బట్టియే తేలవలెను. దుండగు డెవడైన ఒక కార్యాలయపు కంప్యూటరులలో చొరబడినచో, ఏ యంత్రములో ఏ క్షణమున ఏమి జరిగెనో పోల్చి చూడవలెను. గడియారములు ఒక్కొక్కటి ఒక్కొక్క వేళ చూపుచున్నచో, ముందు జరిగినది వెనుకగాను, వెనుక జరిగినది ముందుగాను కనబడును. కావున యంత్రములన్నియు ఒకే వేళను పాటింపవలెను.

సరియైన వేళను నిర్ణయించునవి పరమాణు గడియారములు. 1967వ సంవత్సరమున ప్రపంచ దేశముల ప్రతినిధులు సమావేశమై సెకనునకు కొత్త నిర్వచనము నిచ్చిరి. సీజియము అను లోహపు పరమాణువునుండి వెలువడు ఒక విధమైన వికిరణము 9,19,26,31,770 మారులు కంపించుటకు పట్టు కాలమే ఒక సెకను. ఇట్టి గడియారములను దేశదేశములందలి ప్రయోగశాలలు నడుపుచున్నవి. మన దేశమున ఆ బాధ్యత న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలది. భారత ప్రామాణిక కాలమును కాపాడునది ఆ సంస్థయే.

పరమాణు గడియారమును ఇంటింట పెట్టుకొనుట సాధ్యము కాదు. కావున వేళ తెలియని యంత్రము తెలిసిన యంత్రమును అడిగి సరిచేసికొను పద్ధతి యొకటి యేర్పడెను. దీనిని రూపొందించినవాడు డేవిడ్ మిల్స్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు. ఈ పద్ధతి 1985లో ప్రకటింపబడెను. మిల్స్ తరువాత డెలావేర్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, దానిని పెక్కు సంవత్సరములు మెరుగుపరచుచు వచ్చెను. పుట్టుకతోనే ఆయనకు కంటిజబ్బు ఉండెను. తన చూపు మందగించినను, లోకములోని కంప్యూటరులన్నియు ఒకే వేళను చూచునట్లు చేసిన ఆయన 2024 జనవరిలో మరణించెను.

ఆయన కల్పించిన ఉపాయము చక్కనిది. అడుగు యంత్రము తన గడియారములోని వేళను వేసి ఒక చిన్న లేఖను పంపును. ఇట్టి లేఖకు ప్యాకెట్టని పేరు. వేళ చెప్పు యంత్రమునకు సర్వరని పేరు. సర్వరు ఆ లేఖ తనకు అందిన వేళను, తాను జవాబు పంపిన వేళను వేసి తిప్పి పంపును. జవాబు చేరిన వేళను మొదటి యంత్రము గుర్తించుకొనును. ఈ నాలుగు వేళలతో లెక్క తేలును. ఒక ఉదాహరణము చూడుడు. మొదటి యంత్రము తన గడియారములో సరిగా పది గంటలైనపుడు లేఖ పంపినదనుకొనుడు. సర్వరునకు అది పది గంటల ఆరు సెకనులకు అందినది. ఆ క్షణముననే జవాబు బయలుదేరినది. మొదటి యంత్రపు గడియారములో పది గంటల రెండు సెకనులైనపుడు జవాబు చేరినది. రాకపోకలకు రెండు సెకనులు పట్టినవి గనుక, పోవుటకు ఒకటి, వచ్చుటకు ఒకటి అని భావింపవచ్చును. కావున జవాబు చేరిన క్షణమున సరియైన వేళ పది గంటల ఏడు సెకనులు. యంత్రము రెండు సెకనులే చూపుచున్నది. అనగా ఐదు సెకనులు వెనుకబడియున్నది. వాస్తవమున ఈ రాకపోకలు సెకనులో చిన్న భాగములోనే ముగియును; లెక్క మాత్రము ఇదియే.

ఈ పద్ధతిలో యంత్రములకు వరుసలు కలవు. పరమాణు గడియారము వంటిదానికి నేరుగా కలుపబడిన సర్వరు మొదటి వరుసది. దానిని అడిగి తెలిసికొనునది రెండవ వరుసది. రెండవదానిని అడుగునది మూడవ వరుసది. గురువునొద్ద పెద్ద శిష్యుడును, అతనియొద్ద చిన్న శిష్యుడును నేర్చుకొనునట్లు కాలజ్ఞానము పైనుండి క్రిందికి వచ్చును. ఇండ్లలోని చిన్న యంత్రములు మొదటి వరుస సర్వరులను విసిగింపక క్రింది వరుసలను ఆశ్రయించుట మర్యాద. ఇట్టి సర్వరులను పెక్కు విశ్వవిద్యాలయములును, కొందరు వ్యక్తులును ప్రజోపకారముగా ఉచితముగా నడుపుచుందురు.

విస్కాన్సిన్ రాష్ట్రమున మాడిసన్ నగరమునందలి విశ్వవిద్యాలయము ఇట్టి సర్వరు నొకదానిని నడుపుచుండెను. 2003 మే నెలలో దానిపైకి అకస్మాత్తుగా ప్రశ్నల వరద వచ్చిపడెను. సెకనునకు నలువదివేల ప్యాకెట్లు రాసాగెను. అచటి అంతర్జాల వ్యవస్థను కనిపెట్టి చూచుచుండిన డేవ్ ప్లోంకా అను ఉద్యోగి, ఇది యెవరో దుర్మార్గులు చేయుచున్న దాడి కావచ్చునని తొలుత తలచెను. అట్టి దాడులు కొంతకాలమునకు తమంతట తామే తగ్గిపోవును. కావున ఆ ప్యాకెట్లు సర్వరును చేరకుండ త్రోవలోనే అడ్డగించు ఏర్పాటు జరిగెను. ఇక చింత లేదనుకొనిరి.

కాని వరద తగ్గలేదు. సరికదా, నెలలోపల అది ఆరురెట్లు పెరిగెను. జూన్ నెలలో చూచునప్పటికి సెకనునకు రెండులక్షల ఏబదివేల ప్యాకెట్లు వచ్చుచుండెను. విశ్వవిద్యాలయమునకు అంతర్జాలమును తెచ్చు మార్గములో విద్యార్థుల చదువునకును, ఆచార్యుల పరిశోధనకును ఉపయోగపడవలసిన కొంతభాగమును ఈ పనికిమాలిన ప్రశ్నలు ఆక్రమించుచుండెను. దాడి చేయువాడు ఎంత పట్టుదల కలవాడైనను ఇట్లు నెలల తరబడి చేయునా? ప్లోంకాకు సందేహము కలిగి, ఆ ప్యాకెట్లను శ్రద్ధతో పరీక్షించెను.

అవి ఒకచోటినుండి వచ్చుట లేదు. లక్షలకొలది చిరునామాలనుండి వచ్చుచుండెను. అయినను వానిపై ఒక సమానలక్షణము కనబడెను. ప్రతి ప్యాకెట్టు మీదను అది యంత్రములోని ఏ ద్వారమునుండి బయలుదేరినదో తెలుపు సంఖ్య యొకటి యుండును. వేరువేరు చోట్లనుండి వచ్చు ప్యాకెట్లలో ఆ సంఖ్యలు వేరువేరుగా ఉండుట సహజము. ఇక్కడ మాత్రము అన్నింటిపైనను 23457 అను ఒకే సంఖ్య యుండెను. లక్షలమంది వేరువేరు మనుష్యులు ఏకకాలమున ఒకే సంఖ్యను ఎన్నుకొనుట అసంభవము. కావున ఇవన్నియు ఒకే చేతిలో తయారైన యంత్రములని ఊహింపవలసివచ్చెను. ప్రశ్నలు వచ్చుచున్న కొన్ని చోట్లవారిని విచారింపగా, ఊహ నిజమని తేలెను. అవి నెట్‌గేర్ అను సంస్థ తయారుచేసి అమ్మిన ఇంటి రౌటరులు. లోపము కల రౌటరులు సుమారు ఏడులక్షలు.

ఆ పెట్టెలను కొన్నవారెవ్వరును దోషులు కారు. తమ ఇంటి మూలనున్న పెట్టె ఎక్కడనో ఉన్న ఒక విశ్వవిద్యాలయమును రేయింబవళ్లు పీడించుచున్నదని వారికి తెలియనే తెలియదు. అది దాడియును కాదు. ఎవరికిని ద్వేషము లేదు. పెట్టె లోపలి ప్రోగ్రాములో రెండు లోపములుండుటయే ఇందులకు కారణము.

మొదటిది, వేళ అడుగవలసిన సర్వరు చిరునామాను సంఖ్యారూపమున ప్రోగ్రాములోనే చెక్కివైచిరి. “మా యంత్రములు మిమ్ము అడుగవచ్చునా?” అని ఆ విశ్వవిద్యాలయమును అడుగలేదు. అంతర్జాలములో యంత్రములకు పేరును కలదు, సంఖ్యయును కలదు. పేరు వ్రాసియున్నచో, ఆ పేరునకు మరియొక సంఖ్యను జతచేసి ప్రశ్నలను వేరొక చోటికి మళ్లింపవచ్చును. సంఖ్యనే చెక్కినందున అట్లు మళ్లించుటకు వీలు లేకపోయెను. సర్వరును తీసివేసినను ప్రశ్నలు ఆ సంఖ్యను వెదకికొనుచు ఆ విశ్వవిద్యాలయపు గుమ్మమునకే వచ్చుచుండును.

రెండవది మరింత విచిత్రమైనది. జవాబు రాకున్నచో ఏమి చేయవలెనని ఆ పెట్టెకు నేర్పిరి? “ఒక సెకను ఆగి మరల అడుగుము, జవాబు వచ్చువరకును అడుగుచునే యుండుము” అని నేర్పిరి. ఇప్పుడు జరిగినదేమో ఆలోచింపుడు. విశ్వవిద్యాలయమువారు ప్రశ్నలను అడ్డగించిరి. అందువలన జవాబులు పోలేదు. జవాబు రానందున ప్రతి పెట్టెయు సెకనునకొకమారు అడుగసాగెను. ఏ తలుపు మూసి తమ్ము కాపాడుకొనదలచిరో, ఆ తలుపు మూసినందుననే తట్టుట అధికమయ్యెను. సాధారణమైన వరదకు అడ్డుకట్ట మందు; ఈ వరదకు అడ్డుకట్టయే ఆహారమయ్యెను.

ఇచట ఒక చిన్న లెక్క వేసి చూడుడు. దినమునకు 86,400 సెకనులు. ఏడులక్షల యంత్రములు దినమున కొక్కొక్కమారు, వేరువేరు వేళలయందు అడిగినచో, సర్వరునకు వచ్చునవి సెకనునకు ఎనిమిది ప్రశ్నలు మాత్రమే. అది ఏ చిన్న కంప్యూటరైనను సులభముగా మోయగల భారము. దినమునకు ఒకటి రెండు సెకనులు తప్పు గడియారమునకు ఆ మాత్రము సవరణ చాలును. ఆ యంత్రములే సెకనున కొకమారు అడిగినచో, వచ్చునవి సెకనునకు ఏడులక్షల ప్రశ్నలు. యంత్రములు అవియే, ప్రశ్నయు అదియే, భారము మాత్రము 86,400 రెట్లు. ఒక్క పెట్టెను బల్లమీద పెట్టుకొని పరీక్షించువానికి సెకనున కొక చిన్న లేఖ పోవుట లెక్కలోనికి రాదు. ఆ పెట్టె లక్షలుగా అమ్ముడుపోవునని అతడు తలచియుండిన, తప్పు అప్పుడే కనబడెడిది.

ప్లోంకా ఈ సంగతుల నన్నింటిని వివరించుచు 2003 ఆగస్టులో ఒక నివేదిక ప్రకటించెను. నెట్‌గేర్ సంస్థ లోపమును అంగీకరించి, సవరించిన ప్రోగ్రాములను సిద్ధపరచెను. కాని కథ అంతటితో ముగియలేదు. సవరించిన ప్రోగ్రామును ఇంటివారే తెచ్చి పెట్టెలో ఎక్కించుకొనవలెను. పెట్టె బాగుగానే పనిచేయుచున్నదని తలచువారు దానిని ముట్టుకొనుట అరుదు. కావున ఒకమారు అమ్మిన తప్పును తిరిగి పిలిపించుట దుస్సాధ్యమయ్యెను. విశ్వవిద్యాలయమునకు నెట్‌గేర్ 3,75,000 డాలర్లు ఇచ్చెను.

ఇట్టి తప్పు మరల జరుగలేదా? జరిగెను. డెన్మార్కు దేశమున పౌల్ హెన్నింగ్ క్యాంప్ అను కంప్యూటరు నిపుణుడు తన దేశపు అంతర్జాల కూడలియందు మొదటి వరుస సర్వరు నొకదానిని ప్రతిఫలమాశింపక నడుపుచుండెను. అది డెన్మార్కులోని వారికొరకు ఉద్దేశింపబడినది. కాని డి-లింక్ అను సంస్థవారి రౌటరులు ఆ సర్వరును తమ పట్టికలో చేర్చుకొనెను. దానికి వచ్చు ప్రశ్నలలో అధికభాగము ఆ రౌటరులవే అయ్యెను. ఉచితముగా చేయుచున్న సేవకు తానే ఎదురు ఖర్చు పెట్టుకొనవలసిన స్థితి ఆయనకు దాపురించెను. 2006 ఏప్రిలులో ఆయన ఈ విషయమును బహిరంగముగా ప్రకటించెను. ఆ నెలాఖరునకు ఇరుపక్షములవారును ఒక ఒప్పందమునకు వచ్చిరి. అంతకుముందు అమ్మిన యంత్రములు ఆయన సర్వరును అడుగవచ్చును. కొత్తగా తయారగునవి మాత్రము అడుగరాదు. అమ్మినవానిని మార్చుట సాధ్యము కాదని ఈ ఒప్పందమే చాటుచున్నది.

ఒక్క సర్వరుపై భారము పడకుండుటకు మార్గమొకటి 2003లోనే ప్రారంభమయ్యెను. ప్రపంచమునందలి పెక్కుమంది స్వచ్ఛందముగా తమ సర్వరులను ఒక సమూహముగా చేర్చిరి. ఆ సమూహమునకు ఒక పేరు పెట్టిరి. ఎవరైనను ఆ పేరుతో అడిగినచో, ఒక్కొక్కమారు ఒక్కొక్క సర్వరుల చిరునామా లభించును. అందువలన భారము అందరికిని పంచబడును. నేడు అందులో వేలకొలది సర్వరులు కలవు. యంత్రములను తయారుచేయు సంస్థలు ముందుగా తెలియజేసి, తమకొక ప్రత్యేకమైన పేరును కోరవలెనని ఆ సమూహమువారి నియమము. ఆ సంస్థ యంత్రములలో లోపమున్నచో, ఆ పేరును బట్టి గుర్తించి చక్కదిద్దవచ్చును.

అయినను 2016 డిసెంబరులో ఈ సమూహమునకును కష్టము తప్పలేదు. స్నాప్‌చాట్ అను ఫోను ప్రోగ్రాము యొక్క కొత్తరూపము, దానిని తెరచినప్పుడెల్ల పెక్కు సర్వరులను ఒక్కసారిగా వేళ అడుగసాగెను. కోట్లమంది వాడు ప్రోగ్రామగుటచే వరద వెంటనే తెలిసెను. సంస్థవారికి వర్తమానము పోగా, ఒక్క దినములో వారు తప్పును సవరించిరి. అంతటితో ఊరకుండక, ఆస్ట్రేలియాకును దక్షిణ అమెరికాకును ఉపయోగపడునట్లు సమూహమునకు సర్వరులను సమకూర్చిరి. తప్పు ఎవరివలననైనను జరుగును. దానిని త్వరగా ఒప్పుకొని, నష్టపడినవారికి సాయపడుట ఉత్తమమైన పద్ధతి.

ఈ వృత్తాంతములనుండి యంత్రములకు నేర్పవలసిన మర్యాదలు కొన్ని తెలియుచున్నవి. ఇతరుల సర్వరును వాడదలచినచో ముందు అనుమతి పొందవలెను. అవసరమైనంత మాత్రమే అడుగవలెను. జవాబు రానిచో వెంటనే మరల అడుగక, ఆగు కాలమును క్రమక్రమముగా పెంచుకొనుచు పోవలెను. మొదట ఒక నిమిషము, తరువాత రెండు, పిమ్మట నాలుగు అనునట్లు. “ఇక చాలును, నెమ్మదింపుము” అని సర్వరు తెలుపుటకు ఈ పద్ధతిలో ఒక ప్రత్యేకమైన జవాబు కలదు, దానిని మన్నింపవలెను. అన్నింటికంటె ముఖ్యమైనది, తప్పు బయటపడినపుడు దూరమునుండియే సవరించుటకు వీలుగా యంత్రమును నిర్మింపవలెను.

ఊరిచెరువు నీరు అందరిది. ఒకడు కడవెడు తీసికొనిన చెరువునకు లోటు రాదు. ప్రతివాడును “నేనొక్కడినే గదా” అని గట్టునకు గండి కొట్టినచో చెరువు మిగులదు. కాలము చెప్పు సర్వరులును అట్టి ఉమ్మడి సొత్తే. వానిని నడుపువారిలో పెక్కుమంది పేరులు లోకమునకు తెలియవు. వారికి జీతము లేదు, బిరుదు లేదు. వారి సేవ సాగుచున్నంతవరకు వారిని ఎవ్వరును తలంపరు. మీలో కొందరు పెద్దవారై యంత్రములను నిర్మింపవచ్చును. వానికి ప్రోగ్రాములు వ్రాయవచ్చును. అప్పుడు మీ బల్లమీది ఒక్క యంత్రమును మాత్రమే చూడక, అట్టివి పది లక్షలు ఒక్కసారిగా పనిచేసినచో ఏమగునో లెక్క వేసి చూచుకొనుడు. ఎదుటివానికి కలుగు శ్రమను ముందుగా ఊహించుటయే మర్యాద. యంత్రమునకు ఆ ఊహ లేదు గనుక, దాని పక్షమున దానిని చేసినవాడే ఊహింపవలెను.

ప్రశ్నలు

1. గడియారములు తప్పుటకు కారణమేమి? యంత్రములన్నియు ఒకే వేళను ఏల పాటింపవలెను?

2. వేళ అడిగిన యంత్రము తన గడియారము ఎంత తప్పినదో ఎట్లు తెలిసికొనును? పాఠములోని ఉదాహరణమును మీ మాటలలో వ్రాయుడు.

3. ప్రశ్నలు ఒకే విధమైన యంత్రములనుండి వచ్చుచున్నవని ప్లోంకా ఎట్లు గ్రహించెను?

4. “ఈ వరదకు అడ్డుకట్టయే ఆహారమయ్యెను.” ఈ మాటలను వివరింపుడు.

5. మూడులక్షల యంత్రములు గంటకొకమారు అడిగినచో, సర్వరునకు సెకనునకు సుమారు ఎన్ని ప్రశ్నలు వచ్చును? లెక్కించి చెప్పుడు.

6. మీ ఊరిలో అందరును వాడుకొను ఉమ్మడి సొత్తు ఒకదానిని గూర్చియు, దానిని కాపాడు విధమును గూర్చియు పది వాక్యములు వ్రాయుడు.